ఇద్దరి నీళ్లు

ఆ వేసవిలో మా ఇంట్లో ఒకరు నీళ్లు తాగి తీరాలి, ఇంకొకరు తాగనే కూడదు. తాగాల్సిన మనిషికి దాహం లేదు. తాగకూడని మనిషికి దాహం తప్ప మరో ధ్యాస లేదు. ఆ ఇద్దరూ ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద పడుకునే మొగుడూ పెళ్లాలు. నేను వాళ్ల కోడలిని.

ముందు మామయ్యకి నడుములో పోటు వచ్చింది. రాయి అన్నారు. కిడ్నీ డాక్టరు స్కానింగ్ ఫొటో చూపించి, రోజుకి మూడు లీటర్ల నీళ్లు తాగకపోతే ఈ రాయికి తమ్ముళ్లూ చెల్లెళ్లూ పుడతారని నవ్వుతూ చెప్పాడు. ఆ వారం తిరక్కుండానే అత్తయ్య కాళ్లు వాచాయి. చెప్పులు పట్టలేదు. నాలుగు మెట్లెక్కేసరికి గోడ పట్టుకుని నిలబడిపోయింది. గుండె డాక్టరమ్మ నవ్వలేదు. గుండె నీరసపడిందనీ, ఒంట్లో చేరిన నీటిని బయటికి తోయలేకపోతోందనీ, టీతో పాలతో సహా అన్నీ కలుపుకుని రోజుకి ఒక్క లీటరు దాటకూడదనీ చెప్పింది.

"దాటితే?" అని అడిగాను.

"ఊపిరితిత్తుల్లోకి చేరతాయమ్మా. మంచం మీద కూర్చునే మునిగిపోతుంది మనిషి" అంది.

మామయ్య ఉద్యోగం ఉన్నన్నాళ్లూ దూరపు బస్సు నడిపారు. బండి నిండా జనాన్ని పెట్టుకుని మాటిమాటికీ రోడ్డు పక్కన దిగడం ఆయనకి నామోషీ. అందుకని నీళ్లు మానేశారు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు ఒంటిని వదల్లేదు. అన్నం తిన్నాక ఓ గుక్క, మాత్రకి ఓ గుక్క, అంతే. అత్తయ్యది బడిపంతులు ఉద్యోగం. సుద్దపొడి, గొంతు చించుకుని అరవడం, పీరియడ్ గంట కొట్టగానే గ్లాసెడు నీళ్లు. ఆవిడ నీళ్లు తాగుతుంటే పక్కనున్నవాళ్లకి దాహం వేసేది. గటగటా తాగేసి చివర్న ఒక్క నిట్టూర్పు విడిచేది, బరువేదో దింపుకున్నట్టు.

"ఇన్నాళ్లూ ఆయన వాటా కూడా నేనే తాగేశానేమో అమ్మాయ్, ఇప్పుడు పైవాడు లెక్క సరిచేస్తున్నాడు" అంది డాక్టరు దగ్గర్నించి వచ్చిన రోజు.

నేను డిగ్రీలో రసాయనశాస్త్రం చదివాను. ఉద్యోగం చెయ్యలేదు గానీ కొలత మీద గురి మాత్రం పోలేదు. మామయ్యకి పెద్ద నీలం సీసా కొన్నాను. అది పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నింపాలి. అత్తయ్యకి చిన్న స్టీలు సీసా. టీకీ పాలకీ పోగా మిగిలింది అందులో పోసి పెట్టాలి. రెండూ భోజనాల బల్ల మీద ఎదురెదురుగా ఉండేవి. సాయంత్రానికి రెండూ ఖాళీ అయితే ఆ రోజు గట్టెక్కినట్టే. పొద్దున్నే అత్తయ్యని తూకం మిషన్ ఎక్కించేదాన్ని. బరువు పెరిగిందంటే లోపల నీరు చేరుతోందని గుర్తు.

ఈ నీళ్ల సంగతి తెలిశాక సలహా ఇవ్వని మనిషి లేడు. పై అంతస్తులో ఉండే పిన్నిగారు రోజూ దిగొచ్చేది. ఆవిడకి మేం పెట్టుకున్న పేరు ఎనిమిది గ్లాసుల పిన్ని.

"ఏ మనిషికైనా రోజుకి ఎనిమిది గ్లాసులు. తక్కువ కాకూడదు, ఎక్కువ కాకూడదు. ఫోన్లో వచ్చింది" అనేది.

"ఆ గ్లాసుల మాట ఎత్తకు వదినా. వరసగా కళ్ల ముందు నిలబడుతున్నాయి" అనేది అత్తయ్య.

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇల్లు చేరేది. ఆయన సిద్ధాంతం ఇంకొకటి. "దాహం వేస్తే తాగాలి, వెయ్యకపోతే మానాలి. లిఫ్టు కూడా బటన్ నొక్కితేనే కదా వచ్చేది!"

"మీ ఇంట్లో రెండు లిఫ్టులకీ బటన్లు తారుమారయ్యాయి. ఆ సంగతి చూడండి ముందు" అన్నాను.

మొదటి వారం బాగానే గడిచింది. అత్తయ్య కాళ్ల వాపు కాస్త తీసింది. నీలం సీసా ఖాళీ, స్టీలు సీసా ఖాళీ. పొద్దున తూకం మిషన్ ముల్లు కిందికే జరిగింది. తర్వాత ఎండలు ముదిరాయి. కిటికీ తెరిస్తే పొయ్యి తలుపు తెరిచినట్టుండేది. అత్తయ్య పెదాలు ఎండి పొరలు పొరలుగా లేచాయి. మాట్లాడుతుంటే నాలుక పిడచకట్టుకుపోయి మాటలు అంటుకునేవి. స్టీలు సీసా మధ్యాహ్నం కాకుండానే అయిపోయేది. ఆ తర్వాత ఇంట్లో నీటి చప్పుడు ఎక్కడ వినబడినా ఆవిడ తల అటు తిరిగేది.

ఒకరోజు ముల్లు కదిలింది, పైకి.

"నిన్న పుచ్చకాయ ముక్క పెట్టావు కదా" అంది అత్తయ్య.

"అది కలిపే లెక్క వేశానత్తయ్యా."

"అయితే చీర బరువేమో."

మర్నాడూ పెరిగింది. ఆ తర్వాత నా కాలు ఒకచోట నిలవలేదు. కుళాయి తిప్పిన చప్పుడైతే చేతిలో ఉన్నది వదిలేసి పరిగెత్తేదాన్ని. వంటింట్లో గ్లాసులన్నీ పై అరలోకి ఎక్కించాను. బాల్కనీలో కుండీలకి నీళ్లు పోసే పని అత్తయ్యది. అది లాగేసుకుని నేనే పోయడం మొదలుపెట్టాను. నీళ్ల క్యాను నా చేతికిచ్చి, ఆవిడ కుర్చీ తిప్పుకుని గోడవైపు కూర్చుంది. కూర తరుగుతుంటే చెవులు గదిలో ఉండేవి. గదిలో ఉంటే చెవులు బాత్రూములో. ఏ చప్పుడూ లేకపోతే ఇంకా భయం.

ఒకనాడు బాత్రూములో ఎంతకీ నీళ్ల చప్పుడు ఆగలేదు. వెళ్లి తలుపు తట్టాను.

"అత్తయ్యా, అయిందా?"

"స్నానం చేస్తున్నాను అమ్మాయ్, ఈత కొట్టట్లేదు."

తుడుచుకుని బయటికి వచ్చింది. నేను గుమ్మంలోంచి కదల్లేదు. నా చూపు తిన్నగా ఆవిడ పెదాల మీదికి పోయింది. అవి తడిగా ఉన్నాయి. నేను చూడడం ఆవిడ చూసింది.

"దగ్గరికి రానా? నోరు వాసన చూస్తావా?" అంది.

నాకు తల తీసేసినట్టయింది. అయినా "మీ మంచికే కదా అత్తయ్యా" అన్నాను.

"మంచికే. నలభై మంది పిల్లల్ని కాచిన దాన్ని, నాకు తెలియదా కాపలా అంటే! కాకపోతే కాపలా కాయించుకోవడం ఇదే మొదలు" అని గదిలోకి వెళ్లిపోయింది.

ఆ రోజుల్లో నేను కాస్త ఊపిరి తీసుకునేది మధ్యాహ్నం డాబా మీద బట్టలు ఆరేసేటప్పుడే. ఎండ మాడ్చేస్తున్నా అక్కడ ఒకటికి రెండుసార్లు దులిపి, మడతలు సరిచేసి, క్లిప్పులు పెట్టి, కావాలనే తాత్సారం చేసేదాన్ని. కింద కాపలాకి మామయ్యని పెట్టి వెళ్లేదాన్ని.

"కాస్త కనిపెట్టి ఉండండి మామయ్యా."

"నువ్వెళ్లమ్మా, నేనున్నానుగా" అనేవారు ఆయన.

దిగి వచ్చేసరికి ఆయన పేపరు చదువుతూ, ఆవిడ కళ్లు మూసుకుని. ఇల్లు ప్రశాంతంగా ఉండేది. నీలం సీసా చెప్పినట్టే అడుగంటి ఉండేది. ఈ ఇంట్లో చెప్పిన మాట వినేది ఈయనొక్కరే అనుకునేదాన్ని.

అత్తయ్యకి మళ్లీ చెప్పులు పట్టకుండా అయ్యాయి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం. తలగడల మీద తలగడలు వేసి ఇంచుమించు కూర్చోబెట్టినట్టే పడుకోబెట్టేవాళ్లం. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ అత్తయ్య కాలి మీద బొటనవేలితో నొక్కి వదిలింది. వేలు తీశాక కూడా గుంట గుంటలాగే ఉండిపోయింది, మెత్తటి పిండి మీద నొక్కినట్టు.

"లీటరేనా?"

"లీటరే డాక్టర్. చుక్క ఎక్కువ పోయలేదు. నేనే కొలిచి పోస్తున్నాను."

డాక్టరమ్మ నా వంక, అత్తయ్య వంక చూసింది. మాత్ర పెంచి రాసింది. "రెండు వారాలు చూస్తాను. నీరు దిగకపోతే చేర్చుకోవాలి. ఈసారి చేర్చుకుంటే ఎప్పుడు ఇంటికి పంపుతానో చెప్పలేను, పంపుతానని కూడా చెప్పలేను. ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పండి."

ఇంట్లో అందరికీ చెప్పాను. మా ఆయన తల పట్టుకు కూర్చున్నాడు. మామయ్య చదువుతున్న పేపరు మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచారు.

మర్నాడు పొద్దున తూకం కదల్లేదు. ఆ మర్నాడు కూడా అక్కడే నిలబడింది. ప్రాణం లేచి వచ్చింది నాకు. మూడోరోజు మళ్లీ పైకి పాకింది. నేను ఫ్లష్ ట్యాంకు మూత ఎత్తి చూసి, కూలర్ వెనకాల చెయ్యి పెట్టి చూసి, ఆవిడ తలగడ కింద కూడా తడిమాను. నా పిచ్చి చూసి మా ఆయన కసురుకున్నాడు.

"మా అమ్మని ఖైదీని చేస్తున్నావ్."

"అయితే రేపు మీరు సెలవు పెట్టి ఇంట్లో కూర్చోండి. మీరే కాయండి."

"ముసలావిడ, ఓ గుక్క తాగితే తాగుతుంది..."

"ఓ గుక్క! ఆ గుక్క ఎక్కడికి పోతుందో డాక్టరమ్మ చెప్పింది, వినలేదా?"

ఆయన టిఫిన్ డబ్బా తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

మామయ్యకి పోటు మళ్లీ లేచింది ఆ రోజే. పేపరు తీసుకుందామని లేచిన మనిషి భోజనాల బల్ల అంచు పట్టుకుని అలాగే రెండుగా వంగిపోయారు. మొహం నిండా చెమట. నేను టాక్సీ పిలిచాను. అత్తయ్య చెంగు బిగించి తనూ బయల్దేరింది.

"మీరెందుకత్తయ్యా, మెట్లు..."

"ఆయన్ని ఒంటరిగా ఏ డాక్టరు దగ్గరికీ పంపను. అడిగినదానికి సగమే చెబుతారు."

మెట్టుకోసారి ఆగుతూ దిగింది. టాక్సీలో మామయ్య డొక్క నొక్కుకుని మూలుగుతూ కూడా, "క్లచ్ మీంచి కాలు తియ్యి నాయనా, ప్లేట్లు అరిగిపోతాయ్" అన్నారు. టాక్సీ అబ్బాయి అద్దంలోంచి చూశాడు. "పెద్దాయనకి నొప్పి తగ్గినట్టుందే" అన్నాడు.

సూది మందు ఇచ్చాక నొప్పి సర్దుకుంది. కిడ్నీ డాక్టరు పరీక్షల కాగితం చూసి ఈసారి నవ్వలేదు.

"మూత్రం ఇంత చిక్కగా ఉందేమిటి? ఈయన నీళ్లు తాగట్లేదు."

"తాగుతున్నారండీ" అన్నాను. "రోజూ సీసా రెండుసార్లు నింపుతున్నాను. రెండుసార్లూ ఖాళీ అవుతోంది."

"సీసా ఖాళీ అవుతోందమ్మా, కాదనను. నీళ్లు మాత్రం ఈయన కడుపులోకి పోవట్లేదు. ఇలాగే ఉంటే ఆపరేషనే."

మామయ్య కాలివేళ్ల వంక చూసుకుంటున్నారు. నేను అప్రయత్నంగా అత్తయ్య వైపు తిరిగాను. ఆవిడ నన్ను చూడడం లేదు. తన రెండు పాదాలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని, ఆ వాపు మొదటిసారి చూస్తున్నట్టు చూస్తోంది.

తిరుగు టాక్సీలో నా బుర్ర ఊరుకోలేదు. ఆయనలోకి పోని నీళ్లూ ఆవిడలో పెరిగిన బరువూ పక్కపక్కన పెట్టుకుంటే కూడికా తీసివేతా చిన్నపిల్లలకి కూడా వచ్చేవే. ఇన్నాళ్లూ నేను సీసాల అడుగు చూశాను గానీ మనుషుల గొంతులు చూడలేదు.

ఇంటికి వచ్చాక అత్తయ్య కాళ్లు కూడా కడుక్కోకుండా కుర్చీలో కూలబడింది. ఆయాసం తగ్గేదాకా ఆగి అడిగింది.

"నాకు చాటుగా మూతలో పోసి ఇచ్చేవారు కదా, ఎక్కడి నీళ్లు అవి?"

మామయ్య పేపరు అందుకోబోయారు.

"మిమ్మల్నే. కుళాయి నీళ్లా, మీ సీసాలోవా?"

"కుళాయి తిప్పితే అమ్మాయికి వినబడుతుందిగా" అన్నారు ఆయన.

నేను గుమ్మంలో నిలబడ్డాను. లోపలికి పోవాలో బయటే ఉండాలో తెలియలేదు.

"అంటే మీవే."

"ఎవరివైతేనేం. మూతెడు. నేను గ్లాసెత్తితే నువ్వు ఆ గ్లాసునే చూస్తావ్. నాకు గొంతు పట్టేస్తుంది, దిగదు. సాయంత్రానికి సీసా ఖాళీ కాకపోతే అమ్మాయి ఊరుకోదు. పారబొయ్యాలి. పారబోసే బదులు..."

"పారబోసే బదులు నాలో పోశారు."

"డాక్టరమ్మ ఆ మాటన్న రోజు మానేశాను. ఒట్టు. రెండు రోజులు మానేశాను. మూడోరోజు నువ్వు నా వంక చూశావు. అడగను కూడా అడగలేదు. అంతే."

అత్తయ్య మొహం ఎర్రబడింది. "నేనేదో దొంగతనంగా నాలుగు చుక్కలు ఎక్కువ తాగుతున్నాను, పోతే నేనే పోతాననుకున్నా. మీరు మీది తాగి, నాకు వేరే తెచ్చి ఇస్తున్నారనుకున్నా. పొద్దున బల్ల పట్టుకుని మెలికలు తిరుగుతుంటే ఏదో ఖర్మ అనుకున్నా. నా గొంతులోకి పోయిన నీళ్లండీ అవి!"

"ఇప్పుడేమైంది, నొప్పి తగ్గిందిగా."

"నోరెత్తకండి."

లేచింది. బల్ల దాకా మెల్లగా నడిచి, నీలం సీసా తెచ్చి ఆయన ముందు పెట్టింది. గ్లాసు నన్ను అడిగింది. పై అరలోంచి దింపి ఇచ్చాను. నిండా పోసి ఆయన చేతికిచ్చింది.

"తాగండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. అటు తిరక్కండి. నన్ను చూస్తూ తాగండి."

ఆయన తాగారు. ఒక్కో గుటక కష్టంగా దిగింది. ఎదురుగా నిలబడిన అత్తయ్య గొంతు కూడా ఆయన గొంతుతో పాటే పైకీ కిందికీ కదిలింది. నోట్లో ఏమీ లేకుండానే ఆ గ్లాసు మొత్తం ఆవిడ కూడా మింగింది. అయ్యాక గ్లాసు బోర్లించి చూసి, నా వైపు తిరిగింది.

"అమ్మాయ్, రేపట్నించి సీసాల జోలికి రాకు. ఆయన నీళ్లు నేను చూసుకుంటా, నా నీళ్లు ఆయన చూసుకుంటారు. తూకం కూడా మాదే. మిషన్ మా గదిలో పెట్టెయ్."

"అత్తయ్యా, డాక్టరమ్మ ఇచ్చింది రెండు వారాలు. అందులో కొన్ని రోజులు అయిపోయాయి కూడా..."

"తెలుసు. నా క్లాసులో ఇద్దరు దొంగలుంటే ఒకడి మీద ఒకణ్ని లీడరుగా వేసేదాన్ని. ఇంకెవరు కాసినా కుదరదు."

మా ఆయనకి చెబితే, "దొంగల చేతికే తాళాలా!" అన్నాడు. చెప్పులు విప్పుతూ, "ఇచ్చెయ్యి. నీ దగ్గర తాళాలున్నప్పుడు మాత్రం ఏం ఒరిగింది?" అన్నాడు. మాట గుచ్చుకుంది గానీ అబద్ధం కాదు.

తాళాలు ఇచ్చేశాక నా పరిస్థితి మరీ ఘోరం. వాళ్ల గది తలుపు ఓరగా వేసి ఉండేది. నేను కాలుగాలిన పిల్లిలా వంటింటికీ హాలుకీ మధ్య తిరిగేదాన్ని. డబ్బాలన్నీ దింపి కడిగాను, కడిగినవే మళ్లీ కడిగాను. ఒక మధ్యాహ్నం వాళ్లిద్దరూ కునుకు తీస్తుంటే లోపలికి వెళ్లి స్టీలు సీసా ఎత్తాను. ఊపితే ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఊపకుండానే పెట్టేసి వచ్చాను. వచ్చాక ఎందుకు ఊపలేదా అని సాయంత్రం దాకా కొట్టుకున్నాను. అడిగితే అత్తయ్య చెప్పదు. కాళ్లు చూద్దామంటే దుప్పటి కప్పుకుంటుంది, అంత ఎండలోనూ.

ఒకరోజు ఇస్త్రీ బట్టలు ఇద్దామని తలుపు దాకా వెళ్లి ఆగిపోయాను. లోపల మామయ్య గొంతు.

"నోట్లో పోసుకున్నావా? మింగకు. ఆ... డిపో గేటు దాటుతున్నాం. కండక్టరు విజిల్ వేశాడు. కుడివైపు పెట్రోలు బంకు. దాని ఎదురుగా ఎప్పుడూ ఒక గోధుమరంగు కుక్క. మింగకు మింగకు, అప్పుడేనా! ఇప్పుడు ఇటుకబట్టీలు. కిటికీ ఎత్తెయ్, దుమ్ము."

తలుపు సందులోంచి చూశాను. అత్తయ్య బుగ్గలు పొంగించుకుని మంచం మీద కూర్చుని ఉంది, పలక మీద అక్షరం దిద్దే పిల్లలా నిటారుగా. మామయ్య ఎదుటి కుర్చీలో. ఆయన చెయ్యి తనకి తెలియకుండానే గేరు మారుస్తోంది.

"ఇలాగే ఉండేవాణ్ని నేను. డిపో దగ్గర ఒక్క గుక్క నోట్లో పట్టుకుంటే వంతెన దాటేదాకా మింగేవాణ్ని కాదు. నోరు తడిగా ఉంటే చాలు, దాహం సగం చచ్చిపోతుంది. సైకిల్ వాడు అడ్డమొచ్చాడు. తప్పించా. ఎక్కుడు రోడ్డు... సెకండ్ గేరు..."

అత్తయ్య చేత్తో ఇంకెంత అన్నట్టు సైగ చేసింది.

"వంతెన కనబడుతోంది. అబ్బా, టైరు పంక్చర్!"

అత్తయ్యకి నవ్వు ఆగలేదు. నీళ్లు సగం చీర మీద, సగం లోపలికి.

"మోసం! నా గుక్క పోయింది. ఇది లెక్కలోకి రాదు."

"మింగినంత వస్తుంది. దారిలో పంక్చరైతే డ్రైవరేం చేస్తాడు?"

"ఏం చేస్తాడా? బండి ఆగింది కదా, రేడియేటర్లో నీళ్లు పొయ్యండి" అని నీలం సీసాలోంచి గ్లాసు నింపి ఆయనకిచ్చింది. ఆయన తాగుతుంటే కళ్లార్పకుండా చూసింది. చూడడంలో ఇదివరకటి ఆబ లేదని చెప్పలేను, ఉంది. కానీ చివరి గుటక దాకా వదల్లేదు.

"ఇన్నేళ్ల కాపురంలో ఈ రోడ్డు ఒక్కసారి కూడా చూపించలేదు నాకు" అంది.

"నువ్వెప్పుడు టికెట్ కొన్నావ్?"

బట్టలు పట్టుకుని వెనక్కి వచ్చేశాను. సరదాగానే ఉంది. అయితే నవ్వులకి వాపు దిగుతుందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ గుక్కలు రోజుకెన్నో, అవన్నీ కలిపితే ఎంతో, ఆయన ఎన్ని చుక్కలకి లొంగిపోతున్నారో నాకు తెలియదు. మంచం మీద కూర్చునే మునిగిపోవడమన్న మాట నా చెవుల్లోంచి పోలేదు. ఆ వారమంతా మా ఇంట్లో మూడు పంక్చర్లయినా అయ్యాయి, ఒకసారి బ్రేకులు ఫెయిలయ్యాయి, ఒకసారి పెళ్లివాళ్లు బస్సెక్కి గొడవ చేశారు. నేను ప్రతిసారీ పని ఆపి విన్నాను. మళ్లీ పనిలో పడ్డాను.

డాక్టరమ్మ చెప్పిన రోజు వచ్చింది. బస్సులోనే వెళ్దామంది అత్తయ్య. అంతమందిలో వద్దన్నాను. వినలేదు. మెట్లు దిగుతుంటే నేను ఆవిడ వెనకే, చెయ్యి చాపి నడిచాను. మధ్యలో ఆగింది. నా చెయ్యి ఆవిడ మోచేతి దాకా పోయింది. చెప్పు సరిచేసుకుని మళ్లీ దిగింది. చెప్పు పట్టిందన్న సంగతి కింద రోడ్డు మీదికి వచ్చాక గానీ నాకు తట్టలేదు. అప్పటికీ ధైర్యం చాలలేదు. సంచీలో ఆవిడ బట్టలు ఓ రెండు జతలు సర్ది తెచ్చాను, చేర్చుకుంటే ఉంటాయని. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

బస్సులో మామయ్య డ్రైవరు వెనక సీటులో కూర్చుని ప్రతి బ్రేకుకీ తలాడించారు, పర్వాలేదన్నట్టో కాదన్నట్టో తెలియకుండా.

డాక్టరమ్మ తూకం చూసింది. పాత కాగితం చూసింది. మళ్లీ తూకం చూసింది. అత్తయ్య కాలి మీద వేలితో నొక్కి వదిలింది. వేలు తీసిన చోట చర్మం మెల్లగా లేచి సమంగా అయిపోయింది.

"దిగింది" అంది డాక్టరమ్మ. స్టెతస్కోపు పెట్టి వీపంతా విని, "లోపల కూడా శుభ్రంగా ఉంది. ఇలాగే ఉండండి. ఎండలు కదా, ఇంకో గ్లాసు పెంచుకోవచ్చు" అంది.

మామయ్య కుర్చీలో ముందుకి జరిగారు. "మరి డాక్టరుగారూ, ఆవిడకి ఒకటి పెంచినప్పుడు నాకొకటి తగ్గించకూడదా?"

"మీ డాక్టరు నేను కాదండీ."

"ఆ డాక్టరు ఒప్పుకోడు, అందుకే మిమ్మల్ని అడుగుతున్నా."

"మీరు నోరు మూసుకుని తాగండి" అంది అత్తయ్య.

"నోరు మూసుకుని ఎలా తాగుతానే?"

డాక్టరమ్మ నవ్వడం ఆ వేసవిలో మొదటిసారి చూశాను.

బయట వరండాలో నీళ్ల కూలర్ ఉంది, పక్కన కాగితం కప్పులు. అత్తయ్య నేరుగా దాని దగ్గరికి నడిచింది. ఒక కప్పు నింపుకుని వచ్చి బల్ల మీద కూర్చుంది. పెంచిన గ్లాసులోదేనని నాతో చెప్పలేదు, మామయ్యకి కప్పు ఎత్తి చూపించింది. ఆయన తలూపారు. తాగింది. ఎంతసేపట్లో తాగిందో, కప్పులో ఎంత పట్టిందో నేను చూడలేదు. ఆవిడ పక్కనే కూర్చుండిపోయాను. బట్టల సంచీ ఒళ్లో పెట్టుకున్నాను. ఆవిడ ఆ సంచీని ఒకసారి పైనుంచి నొక్కి చూసి, లోపలున్నదేమిటో తెలిసిపోయినట్టు నా మొహం వంక చూసింది.

"నువ్వు?" అంది.

"నేనేమిటి?"

"పొద్దుట్నించీ ఏమైనా తాగావా?"

గుర్తు తెచ్చుకోబోయాను. టీ కాచాను. ఆయనకిచ్చాను, వీళ్లకిచ్చాను. నాది పొయ్యి పక్కనే ఉండిపోయినట్టుంది. నిన్న? నిన్నటిదీ గుర్తు రాలేదు.

"పెదాలు చూసుకో అద్దంలో, నావే నయం" అంది. మామయ్య వైపు తిరిగి, "ఈ ఇంట్లో ఎవరెన్ని తాగారో దీనికి తెలుసు. ఇదెన్ని తాగిందో ఒక్కరికీ తెలియదు. చూస్తూ కూర్చుంటారేం?" అంది.

మామయ్య లేచి వెళ్లి కప్పు నింపి తెచ్చారు. చన్నీళ్లు. పళ్లు జివ్వుమన్నాయి. ఒక్క గుక్కలో అయిపోయాయి.

"ఇంకోటా అమ్మా?"

తలూపాను.

అది కూడా అయ్యాక ఆయన అడగలేదు. ఖాళీ కప్పు నా చేతిలోంచి తీసుకుని మళ్లీ కూలర్ వైపు నడిచారు.